మేడ మీద ఉల్లిగడ్డలు

బీదర్,
శుక్రవారం.

నివాస ధ్రువీకరణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పాత కమాన్ గల్లీలో నేను ఉన్నాననే సంగతిని ప్రభుత్వం వారు ఒప్పుకోవలసిందిగా కోరుట గురించి.

సూచిక: తమ కార్యాలయం వారి స్థల పరిశీలన నివేదిక. అందులో నేను లేను.

ముందుగా క్షమాపణ. లేని మనిషి అర్జీ పెట్టుకోవడం, లేని చేత్తో రాసిన కాగితాన్ని ఉన్న అధికారి ముందుంచి ఆయనకున్న కాస్త తీరికనూ తినెయ్యడం ఎంత పెద్ద అపరాధమో నాకు తెలియక కాదు. తమ నివేదికను గౌరవించి మర్యాదగా మాయమైపోవలసినవాణ్ణి. అలా చేయకుండా రోజూ పొద్దున్నే లేచి, పళ్ళు తోముకుని, నలుగురికీ కనబడుతూ డ్యూటీకి పోయి వస్తున్నాను. ప్రభుత్వం వారి రాతను ఇంత బాహాటంగా ధిక్కరించినందుకు సిగ్గుతో తల వంచుతున్నాను. ఆ తల కూడా తమ లెక్కలో లేదు.

అర్జీ తెలుగులో ఉన్నందుకు కూడా మన్నించవలెను. నా కన్నడం కూరగాయల బేరం దాకా వచ్చింది, అధికారులతో తగవు దాకా ఇంకా రాలేదు. తమ కచేరీ గేటు బయట కూర్చుని అర్జీలు రాసిపెట్టే పెద్దమనిషి చేత కన్నడంలో ఒకటి రాయించాను. ఆయన తన అలవాటు కొద్దీ నన్ను చిమ్కోడ్ అనే పల్లెటూరి రైతును చేసి, వానలకు కంది పంట మునిగిందని పరిహారం అడిగాడు. అది కూడా జతపరుస్తున్నాను, మంజూరైతే కాదనను. తమరు ఫోనులో అత్తగారితో తెలుగులో మాట్లాడుతుండగా వరండాలో నిలబడ్డ మేమందరం విన్నాం. అత్తగారికి చెప్పగలిగినంత తెలుగు వస్తే ఈ అర్జీకి సరిపోతుందని ధైర్యం చేశాను.

ఇక నా మనవులు.

1. అర్జీదారుని పేరు సిలాసు. తండ్రి సొలొమోను, వృత్తి లారీ డ్రైవరు, స్థిర నివాసం స్టీరింగు. సొంత ఊరు జహీరాబాద్ దగ్గర. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి, ఈ ఊరి శివారులో ఒక మందుల కంపెనీలో వేసవిలో చేరాను. బిళ్ళలో ఉందని చెప్పిన మందు నిజంగా ఉందా లేదా అని పరీక్షించి సంతకం పెట్టడం నా పని. నా సంతకం మీద బిళ్ళలు దేశమంతా పోతున్నాయి. అదే సంతకం మీద నేను గల్లీ మలుపు కూడా దాటలేకపోతున్నాను.

2. నాతో నా చెల్లెలు సారా ఉంటుంది. అమ్మ పోయినప్పటి నుంచి అది జహీరాబాద్‌లో మా మేనత్త ఇంట్లో పెరిగింది. అత్త పిల్లలకు నీళ్ళు పోసి, జడలు వేసి, అత్త కిరాణా కొట్లో కూర్చుని, మిగిలిన వేళల్లో చదివి పదో తరగతి పాసయింది. నాకు ఉద్యోగం రాగానే వెంట తెచ్చుకున్నాను. ఇక్కడ ఒక ఆడపిల్లల కాలేజీలో సైన్సు సీటు ఇస్తామన్నారు. పక్క రాష్ట్రం పిల్ల గనుక, ఆమె బాధ్యత చూసే పెద్దవాడు ఒకడు ఈ ఊళ్ళో కాపురముంటున్నాడని నివాస పత్రం తెమ్మన్నారు. సీటును సోమవారం సాయంత్రం దాకా ఆపుతారు. ఆ తరువాత దాన్ని వేరే పిల్లకిస్తారు, సారాను అత్త వచ్చి తీసుకుపోతుంది. ఈ అర్జీలో వెటకారం లేని పేరా ఇదొక్కటే. తమరు మిగతావి చదవకపోయినా దీన్ని చదవగలరు.

3. కొత్త ఊరికి పోయినవాడు ముందు ఇల్లు వెతుక్కోవాలని నాకెవరో తప్పుగా చెప్పారు. ముందు కాగితం వెతుక్కోవాలి. గ్యాస్ వారు సిలిండరు ఇవ్వడానికి చిరునామా రుజువు అడిగారు. ఏది చెల్లుతుందని అడిగితే గ్యాస్ బిల్లు చెల్లుతుందన్నారు. ఆ మాట అన్న గుమాస్తా నవ్వలేదు, అందుకు ఆయన మీద నాకు గౌరవం కలిగింది. బ్యాంకు వారు ముందు ఆధార్‌లో చిరునామా మార్చుకు రమ్మన్నారు. ఆధార్ వారు ముందు బ్యాంకు పుస్తకంలో చిరునామా మార్చుకు రమ్మన్నారు. వీళ్ళిద్దరూ ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యాహ్నం ఒకే బండి దగ్గర మిర్చి బజ్జీలు తింటారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూడా నా సంగతి మాట్లాడుకోలేదు.

కూడలిలో పోలీసాయన నా బండికి తెలంగాణ నంబరు చూసి ఆపి, ఎక్కడుంటావని అడిగాడు. ఇక్కడే అన్నాను. ఇక్కడే ఉంటే ఈ నంబరు ఎందుకుందన్నాడు. అయితే ఇక్కడ ఉండనన్నాను. ఉండకపోతే ఎందుకు తిరుగుతున్నావన్నాడు. తమ నివేదిక ఆనాటికే చేతిలో ఉండి ఉంటే ఆయనకు చూపించి, లేనివాడికి చలానా ఎట్లా రాస్తారని అడిగేవాణ్ణి.

ఇంతమందీ ఒక్క మాట మీద మాత్రం కలిశారు. తమ కచేరీ నుంచి నివాస పత్రం తెస్తే అందరూ అన్నీ ఇచ్చేస్తారట.

4. కాబట్టి తమ కచేరీకి వచ్చాను. సర్వరు పడిపోయిందన్నారు. మరునాడు వచ్చినా పడిపోయే ఉంది. ఆ పడిపోయినదాన్ని లేపడానికి ఎవరూ కుర్చీలోంచి లేవలేదు. వరండాలో హళ్ళిఖేడ్ నుంచి వచ్చిన ఒక చెరకు రైతు నాకు ధైర్యం చెప్పాడు. వాళ్ళ నాయన కాలంలో సర్వరు లేదట, అప్పుడు సాహెబు కుర్చీలో ఉండేవాడు కాదట, పని జరగకపోవడం మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒక్కతీరుగానే ఉందట. మొత్తానికి ఒక మంచి గడియలో సర్వరు లేచింది, నా అర్జీ లోపలికి పోయింది. పరిశీలనకు గురునాథ్ గారు వస్తారు, ఇంటి దగ్గరే ఉండమన్నారు. నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న రోజున ఆయన రాలేదు. డ్యూటీకి పోయిన రోజున వచ్చారు.

5. ఇక్కడ ఈ ఊరి పరిశీలన పద్ధతి గురించి కొంచెం మనవి చేయాలి. ఇంట్లో మనిషి ఉన్నాడా అని ఇంటి దగ్గర చూడరు, గల్లీ మొదట్లోని చాయ్ కొట్టులో చూస్తారు. గురునాథ్ గారు దుర్గప్ప కొట్టు బల్ల మీద కూర్చున్నారు. చాయ్ చెప్పారు. సగం తాగి, సిలాసు అనేవాడు ఈ గల్లీలో ఉంటాడా అని అడిగారు. అట్లాంటివాడు ఎవడూ లేడని దుర్గప్ప చెప్పాడు. నేను పొద్దునా సాయంత్రం అదే బల్ల మీద కూర్చుని అదే చాయ్ తాగుతాను, బహుశా గురునాథ్ గారు కూర్చున్నచోట బల్ల ఇంకా నా పేరున వెచ్చగా ఉండి ఉంటుంది.

మేము కంపెనీలో బిళ్ళను నీళ్ళలో వేసి, కరిగించి, లోపల ఏముందో తేల్చుకుంటాం. పాన్ డబ్బా దగ్గర నిలబడి, ఏమప్పా, ఈ బిళ్ళలో మందుందా అని దారిన పోయేవాళ్ళను అడగం. అడగవచ్చునని తెలిసి ఉంటే ఎమ్మెస్సీ చదివేవాణ్ణి కాదు.

6. రెండో సాక్షి కోసం గురునాథ్ గారు కొంత శ్రమపడి మా ఇంటి గేటు దాకా నడిచారు. కింద ఇంటామె హనుమవ్వ రొట్టెలు కొడుతోంది. ఆమె మేడ మీది గదిలోనే నేనూ సారా ఉంటున్నాం. పైన ఎవరుంటారని అడిగితే, పైన ఎవ్వరూ లేరు, ఉల్లిగడ్డలు ఆరబోసిన అన్నది. సరిగ్గా ఆ వేళకు ఆ ఉల్లిగడ్డల మధ్య కూర్చుని మా చెల్లెలు కన్నడ గుణింతాలు గొంతెత్తి చదువుతోంది. ఆ చప్పుడేమిటని ఆయన అడిగారు. రేడియో అన్నది హనుమవ్వ. మాటలు విని సారా టక్కున నోరు మూసింది. రేడియో దానంతటదే ఆగిపోయింది.

ఉల్లిగడ్డలకు రేడియో ఎవరు పెట్టారని సదరు ఉద్యోగి అడగలేదు. అది కన్నడ గుణింతాలు ఎందుకు చెబుతోందని అడగలేదు. మెట్ల మీద ఆరేసిన నా కంపెనీ చొక్కా మీద నా పేరు కుట్టి ఉంది, తలెత్తలేదు. సాక్షులిద్దరి చేత వేలిముద్ర ఒకటి, సంతకం ఒకటి తీసుకుని, "అర్జీదారుడు సదరు చిరునామాలో నివసించుట లేదు, మేడపైన ఉల్లిగడ్డలు మాత్రమే కలవు, స్థానికులు ధ్రువీకరించిరి" అని రాసుకుని, చాయ్ మిగతా సగం తాగడానికి కొట్టుకు వెళ్ళిపోయారు.

సాక్షులు అలా ఎందుకు చెప్పారు, సారా పైనుంచి ఎందుకు పలకలేదు అని తమరు అడగవచ్చు. మంచి ప్రశ్నలు. వాటిని ప్రస్తుతానికి పక్కన ఉంచగలరు.

7. నేను ఉన్నానని చెప్పుకోవడానికి గురునాథ్ గారి దగ్గరికి స్వయంగా వెళ్ళాను. ఆయన మంచివారు, కూర్చోమని చాయ్ తెప్పించారు. నేను తాగుతుండగా నా వైపు జాలిగా చూశారు.

"నువ్వు ఉన్నవు భాయ్. లేవని నేనెక్కడంటున్న? ముంగట కూసున్నవు, చాయ్ తాగుతున్నవు. గని ఫైల్ల లేవు."

మెట్లెక్కి చూస్తే ఫైల్లో కూడా ఉండేవాణ్ణి గదా సార్ అన్నాను. తనకు మోకాళ్ళ నొప్పులని, ఊళ్ళో అందరి మెట్లూ ఎక్కితే తన కాళ్ళకు ఎవరు సర్టిఫికెట్ ఇస్తారని అడిగారు. ఇంతలో ఈ ఊరి ఎయిర్‌ఫోర్స్ వారి శిక్షణ విమానం ఒకటి నెత్తి మీదుగా పోయింది. ఇద్దరం మాట ఆపి, అది పోయాక మళ్ళీ మొదలుపెట్టాం.

"మీ ఇంటామెనే లేడన్నది. ఇంట్ల ఎవరున్నరో ఇంటామె కంటె నాకు ఎక్కువ ఎరుకనా, చెప్పు?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది. చెప్పే పరిస్థితిలో లేను. చాయ్ పూర్తిచేసి లేచి వచ్చాను.

8. వచ్చి, కోపం పట్టలేక, తప్పుడు నివేదిక రాశారని తమకు ఫిర్యాదు పెట్టాను. నెలల తరబడి కదలని తమ కచేరీ ఆ ఒక్క కాగితానికి మాత్రం పరుగులు తీసింది. నోటీసులు వచ్చాయి. గురునాథ్ గారికి కాదు. తప్పుడు వాంగ్మూలం ఇచ్చినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోరాదో సోమవారం హాజరై చెప్పవలెనని దుర్గప్పకూ హనుమవ్వకూ వచ్చాయి. మెట్లెక్కనివాడు కుర్చీలో ఉన్నాడు. రొట్టెలు కొట్టుకునే ముసలామె ముద్దాయి అయింది. ఇంత న్యాయం ఒక్క కచేరీలో పట్టడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

దుర్గప్ప కొట్టు రోడ్డు అంచున, ఎవరి దయ మీదనో నిలబడి ఉంది. సర్కారు కాగితం అంటే దాన్ని లేపేసే కాగితమేనని ఆయన అనుకుంటున్నాడు. హనుమవ్వ చదువుకోలేదు. నోటీసును పాల కవరులో చుట్టి దేవుడి పటం వెనక పెట్టింది. ఇల్లు జప్తుకు వస్తారా అని సారాను చాటుగా అడిగిందట. అడిగి, ఎప్పటిలాగే దానికి రెండు జొన్న రొట్టెలు పైకి పంపింది.

నిన్న సాయంత్రం దుర్గప్ప నాకు చాయ్ ఇచ్చి, గిరాకీ అంతా పోయేదాకా ఆగి, నెమ్మదిగా అడిగాడు.

"మల్ల సోమారం నాడు ఏమనాలె తమ్మీ? ఉన్నవనాల్నా, లేవనాల్నా? నువ్వు ఏదంటె గదే."

ఆయన ఈ మాట నన్నెందుకు అడిగాడో తమకు వింతగా ఉండవచ్చు. నాకు వింతగా లేదు. అందుకే చాయ్ చల్లారిపోయింది.

పై కారణాల వల్ల నేను కోరుకొనేది:

(అ) గురునాథ్ గారిని గానీ, ఇంకా మోకాళ్ళు అరగని వేరెవరినైనా గానీ సోమవారం పొద్దున్నే పంపి మెట్లెక్కించవలెను. పైన నేనుంటాను, సారా ఉంటుంది. ఉల్లిగడ్డలు కూడా నిజంగానే ఒక గంపెడు ఉన్నాయి, నివేదికలో ఆ భాగం సత్యం.

(ఆ) నివాస పత్రం సోమవారం సాయంత్రం లోపు ఇప్పించవలెను. మంగళవారం ఇచ్చే పత్రం నాకు గ్యాస్ పొయ్యి ఇస్తుంది, సారాకు కాలేజీ ఇవ్వదు.

(ఇ) దుర్గప్ప, హనుమవ్వల మీది నోటీసులు రద్దు చేయవలెను. దీని కారణం ఇక్కడ రాస్తే అర్జీ మర్యాద చెడుతుంది.

కావున తమరు దీనిని దయతో చిత్తగించి, ఓపిక ఉంటే మెట్లు కూడా ఎక్కవలెను.

ఇట్లు,
లేకపోయినా తమ విధేయుడు,
సిలాసు, ఎమ్మెస్సీ,
హనుమవ్వ గారి మేడ మీది గది, పాత కమాన్ గల్లీ.
(నివేదిక ప్రకారం: ఉల్లిగడ్డలు.)

తా.క.: అయ్యా, పైదంతా రాసి సారాకు చదివి వినిపించాను. కన్నడ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే విన్నది.

"మంచిగనే రాసినవ్ అన్నా," అన్నది. "అసలుదే రాయలె."

అసలుది ఇది. పెళ్ళికాని అన్న దగ్గర ఆడపిల్ల ఎట్లుంటుందని మా అత్త మొదటి నుంచీ గొడవ పెడుతోంది. ఇంట్లోకి ఒక ఆడమనిషి వస్తే సారాను ఇక్కడ ఉండనిస్తుందట, లేకపోతే తీసుకుపోతుందట. అందుకని నాకు పెళ్ళి చేయడానికి, సంబంధాలు కుదిర్చే పెద్దమనిషి ఒకాయనను జహీరాబాద్ నుంచి బస్సెక్కించి పంపుతోంది. ఆయన సంకలో ఫైలు ఉంటుంది, ఫైలులో అమ్మాయిల ఫోటోలు ఉంటాయి. మేము దిగిన కొత్తలో ఒక ఆదివారం గేటు దగ్గర నన్ను పట్టుకుని, చర్చి దాకా వెంట నడిచి, పక్కనే కూర్చుని, పాటకూ పాటకూ మధ్య ఫోటోలు తిప్పాడు. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నాను. మోచేత్తో పొడిచాడు.

ఆయనను బస్సెక్కించి వచ్చి నేను చేసిన పని ఒకటుంది. దుర్గప్ప కొట్టు ముందు నిలబడి, హనుమవ్వను కూడా పిలిపించి, సంకలో ఫైలు పెట్టుకుని ఎవరొచ్చి నా పేరు అడిగినా అట్లాంటివాడు ఈ గల్లీలో లేడని చెప్పమన్నాను. పైన ఏముందని అడిగితే ఉల్లిగడ్డలు అనమన్నాను. సారాను నోరెత్తవద్దన్నాను. ఎప్పటిదాకా ఇట్లా అని దుర్గప్ప అడిగితే, నేను చెప్పేదాకా అన్నాను. హనుమవ్వ చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాను. రేడియో ఒక్కటి ఆమె సొంతం, మిగతాదంతా నాది.

తరువాత తమ కచేరీలో అర్జీ పెట్టిన నాడు ఆ మాట వాపసు తీసుకోవాలని నాకు తోచలేదు. గురునాథ్ గారు సంకలో ఫైలు పెట్టుకుని వచ్చారు. అంతే. మెట్లెక్కకపోవడం ఆయన తప్పే, అందులో ఒక్క అక్షరం తగ్గించను. కానీ నేను లేనని ఊరంతటికీ చెప్పించుకున్నది నేనే. నోటీసు చేతికొచ్చాక కూడా ఆ ఇద్దరూ, ఇట్లా చెప్పమన్నది వాడేనని తమ మనుషుల ముందు ఒక్క ముక్క అనలేదు. ఈ ఊళ్ళో చెప్పిన మాట మీద నిలబడ్డవాళ్ళను నేను చూసింది ఇద్దరినే. తమరు వాళ్ళ మీద కేసు పెడుతున్నారు.

చర్య తీసుకోవలసింది నా మీద. తప్పకుండా తీసుకోండి. అయితే దానికి ముందు నేను ఉన్నానని రాసుకోవలసి వస్తుంది. నోటీసు మీద చిరునామా పూర్తిగా రాసి, ముద్ర వేసి, సోమవారం మధ్యాహ్నం లోపు ఇంటికే పంపగలరు. దాన్ని తీసుకుని సారా కాలేజీకి పోతుంది. సర్కారు వారే కేసు పెట్టడానికి ఫలానా ఇంట్లో వెతికి పట్టుకున్న మనిషి కంటే గట్టి చిరునామా రుజువు ఇంకెవరికి ఉంటుంది?

ఇంతవరకు రాసి, కాగితాలు ఫైలులో పెట్టుకుని, తమ కచేరీకి బయల్దేరి కిందికి దిగాను. ముందు కొట్టుకు పోయి, మాట వాపసు తీసుకుంటున్నానని, సోమవారం ఉన్నది ఉన్నట్టు చెప్పమని దుర్గప్పకు చెప్పాను. హమ్మయ్య అన్నాడు, చాయ్ ఇంకొకటి పోశాడు. తిరిగి వచ్చి గేటు దగ్గర హనుమవ్వకు కూడా అదే చెప్పాను. అవ్వా, ఇప్పటి నుంచి సిలాసు ఉన్నాడని అందరికీ చెప్పమన్నాను.

ఆమె పిండి చేతులు దులుపుకుని నన్ను చూసింది. నా సంకలో ఉన్న ఫైలును చూసింది.

"సిలాసా? అసుంటోడు ఈ గల్లీల లేడు బిడ్డా," అని, మళ్ళీ రొట్టె మీదికి వంగింది.